జడ్త ఇవ్వని పొట్టేలు

కురుమ ఎల్లేశం నీళ్లు పోస్తే జడ్త ఇవ్వని పొట్టేలు మా తెల్లబండలో ముప్పై ఏళ్లుగా లేదు. జడ్త అంటే తెలియనివాళ్లకు చెప్తాను. దేవుడికి పొట్టేలును ఇచ్చేముందు దాని వీపు మీద పసుపునీళ్లు పోసి, మొక్కు చెప్పుకుని, ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. పొట్టేలు ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎక్కడో దోషం ఉన్నట్టు. పెళ్లికైనా, గట్టు తగాదాకైనా, తప్పిపోయిన ఎద్దు కోసమైనా అందరూ ఎల్లేశాన్నే పిలిచేవాళ్లు. ఆయన చెయ్యి మంచిదని పేరు.

ఆ చేతి మంచితనం ఏమిటో నాకు తెలుసు. ఒకసారి పక్కనే నిలబడి చూశాను. వీపు మీద చెంబెడు నీళ్లు పోస్తూనే చిటికెన వేలి కొస నుంచి ఒక్క చుక్కను పొట్టేలు చెవిలోకి జారవిడిచాడు. చెవిలో నీళ్లు పడ్డ గొర్రె దేవుడు చెప్పినా, చెప్పకపోయినా ఒళ్లు విదిలిస్తుంది. తర్వాత అడిగితే ఆయన ఏమీ సిగ్గుపడలేదు.

"దేవునికి శాన పనులుంటయ్ పిలగా. మనం గూడ జర చెయ్యేస్తే తప్పేముంది? మంది మనసు నిమ్మళమైతది," అన్నాడు.

ఒక్క నియమం మాత్రం తప్పేవాడు కాదు. చనిపోయినవాళ్ల పేరు మీద ఎన్నడూ నీళ్లు పోయలేదు. ఎవరైనా అడిగినా, "సచ్చినోని పేర జడ్త రాదు. అడగనే వద్దు," అని చెంబు కింద పెట్టేసేవాడు. అంత కొంటెమనిషి ఆ ఒక్క మాట దగ్గర ఎందుకు బిగుసుకుపోతాడో నాకు అప్పట్లో అర్థమయ్యేది కాదు.

ఎల్లేశం పొడుగ్గా, ఎండిన తుమ్మకర్రలా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా గొంగడి భుజం దిగేది కాదు. మనుషులతో నాలుగు మాటలు మాట్లాడితే గొర్రెలతో నలభై మాట్లాడేవాడు. భార్య కలరాలో పోయింది. సుక్కమ్మ అని ఒక్కతే కూతురు. ఆ పిల్లను అత్తవారింటికి పంపలేక బీరన్న అనే కుర్రవాణ్ణి ఇల్లుటం అల్లుడిగా తెచ్చుకున్నాడు. మామా అల్లుళ్లు ఒకే గొంగడి కింద ఎండకు తలదాచుకుని చుట్ట పంచుకునేవాళ్లు. అల్లుణ్ణి అంతగా ప్రేమించిన మామను నేను మళ్లీ చూడలేదు.

బీరన్న వెట్టిని ఎదిరించే సంఘం మనిషి. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు మకాం వేసినప్పుడల్లా మందలోంచి ఒక గొర్రె, ఇంట్లోంచి ఒక కొత్త గొంగడి ఊరికే ఇచ్చుకోవడం కురుమలకు తాతల నాటి వెట్టి. మొట్టమొదట కాదన్నది బీరన్నే. మంద ముందు కర్ర అడ్డం పెట్టి, "గొర్రె ఇయ్యం. పైస ఇచ్చి కొనుక్కపోర్రి," అన్నాడు. గిర్దావరు ఆ రోజు పప్పుతో తిన్నాడు. అప్పటి నుంచి ఊరికి కొంచెం వెన్ను నిలబడింది. సర్కారు పంచాయతీకి ఎన్నికలు పెడుతుందని నకిరేకల్ సంఘం నుంచి కబురొచ్చినప్పుడు మా ఊరి తరఫున బీరన్న పేరే అనుకున్నాం, ఎదురు మాట లేకుండా.

ఆ పేరు కాగితం మీద రాసింది నేను. పద్మశాలివాణ్ణి, మగ్గం మీద కూర్చుని నాలుగక్షరాలు నేర్చినవాణ్ణి, అందుకని ఊళ్లో సంఘం రాతకోతలన్నీ నావే. ఆ చిట్టీని భువనగిరిలో ఉన్న పై కమిటీకి ముట్టజెప్పాలి. దసరా పోయిన రెండో రోజు దాన్ని బీరన్న చేతికే ఇచ్చి పంపాను. తలపాగాలో చెక్కుకుని నవ్వుకుంటూ పోయాడు. తిరిగి రాలేదు.

సుక్కమ్మకు అప్పుడు అయిదో నెల. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు.

మేము వెతకని చోటు లేదు. బీరన్న భువనగిరి చేరనేలేదని తేలింది. ఆ తర్వాత పుకార్లు మొదలయ్యాయి. బెజవాడలో ఉన్నాడని ఒకరు, పాలమూరు రైలు స్టేషన్‌లో చూశామని ఇంకొకరు. నేను వాటన్నిటినీ నమ్మాను. నమ్మకపోతే ఆ చిట్టీ ఇచ్చి పంపిన చెయ్యితో అన్నం తినలేకపోయేవాణ్ణి. మాఘంలో సుక్కమ్మకు కొడుకు పుట్టాడు. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పిల్లవాడికి పేరు కూడా పెట్టలేదు. తండ్రి వచ్చి పెడతాడని చెప్పింది.

ఎనిమిది నెలలకు, మిరుగం కార్తె వానలు ఇంకా రాకముందు, నకిరేకల్ నుంచి రెండో కబురొచ్చింది. పేరు వెంటనే పంపాలని. ఇక చూసుకోండి మా సంగతి! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎన్నికలు ఏ నెలలోనో తెలియదు కానీ సంఘం మాత్రం నడిమికి చీలింది. దొర గడీ ముందు ఒక్క గొంతుతో అరిచినవాళ్లం నా మగ్గం గుడిసెలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కౌలుదార్లు కల్లుగీసే కాటమయ్య పేరు పట్టుకున్నారు. ఆయనకు మాట నేర్పుంది, అందరిళ్లలో చనువుంది. కూలీలు యోహాను పేరు పట్టుకున్నారు. యోహాను వాళ్లది తరతరాలుగా గుంటెడు భూమి లేని కుటుంబం. మిషన్ బడిలో చదివి తమవాళ్ల పిల్లలకు చెట్టు కింద అక్షరాలు దిద్దిస్తున్నాడు. "వెట్టి జేసింది మేము, జెండా మోసింది మేము, కుర్చీ కాడికి రాంగనే మీరా?" అని వాళ్లడిగితే జవాబు చెప్పడం కష్టం. "అందరు ఓట్లేసెటోడు గావాలె గద," అని వీళ్లంటే అదీ కొట్టిపారేయలేం. ఇద్దరూ మంచివాళ్లే. చెడ్డవాడొకడుంటే ఎంత సులువుగా ఉండేదో అనిపించింది నాకు.

మూడో రోజు గొడవ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చినప్పుడు ఎల్లేశం గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"పేరు బీరన్నది," అన్నాడు. "మీరంత గల్సి రాసిండ్రు. ఇప్పుడు ఇంకో పేరు రాస్తే వాడు సచ్చిండని రాసినట్టే. రాస్తరా? నా బిడ్డ ఇంటికి వొచ్చి జెప్తరా?"

ఆ గుమ్మం బయటే సుక్కమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. కాటమయ్య తల దించుకున్నాడు. యోహాను లేచి వెళ్లిపోయాడు. నేను తెరిచిన కాగితాన్ని మళ్లీ మడిచాను.

మర్నాడు తెల్లవారగానే ఎల్లేశాన్ని ఒప్పించాలని మంద దగ్గరికి పోయాను. ఆ రోజుల్లో మందకు ఎంత గిరాకీ ఉంటుందో సేద్యం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వానలకు ముందు రాత్రిళ్లు గొర్రెలను పొలంలో పండబెడితే ఆ ఎరువుకు జొన్నలు కొలిచిస్తారు. ఎల్లేశం మాత్రం ఎనిమిది నెలలుగా ఎవరి పొలానికీ రాలేదు. గుట్ట కింద పంట పండని రాళ్ల చెల్కలోనే మంద పెట్టేవాడు. ముసలాయన రాళ్లకు ఎరువేసి గుండ్లు పండిస్తున్నాడని ఊరంతా నవ్వుకునేది. నేనూ నవ్వినవాణ్ణే.

ఆ పొద్దున నవ్వు రాలేదు. గొర్రెలు ఇంకా లేవలేదు. నూట ఇరవై గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుండ్రంగా పడుకున్నాయి. నడుమ మాత్రం కొంత జాగా ఖాళీగా ఉంది. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత జాగా. దాని అంచు గీత గీసినట్టుంది, ఒక్క గొర్రె కాలు కూడా ఆ గీత దాటలేదు. తల వైపున బొల్లి పొట్టేలు నిలబడి ఉంది. తల్లి చచ్చిన పిల్లను బీరన్న మేకపాలు పట్టి పెంచాడు, అదే అది. నేను చూస్తుండగా ఒక చిన్న గొర్రెపిల్ల ఆటలో ఆ ఖాళీలోకి దూకింది. తల్లి ఒక్క అరుపు అరిచింది. పిల్ల గభాలున బయటకు వచ్చి తల్లి పొట్ట కిందికి దూరింది.

"మామా, గా నడిమి జాగల గొర్రెలు ఎందుకు పండవు?" అని అడిగాను.

"రాళ్లుంటయ్ పిలగా," అన్నాడు ఎల్లేశం నా వైపు చూడకుండా.

చెల్కంతా రాళ్లే. గొర్రెలు ఆ రాళ్ల మీదే పడుకున్నాయి. రాయి లేనిది ఆ నడిమి జాగాలోనే. నేను చెప్పడానికొచ్చిన మాట చెప్పకుండానే తిరిగొచ్చాను. దారి పొడవునా వెనక్కి చూడలేదు.

ఇక నా తప్పు. కౌలుదార్లలో ఒక పెద్దమనిషి, "మనుషులతోటి తెగకుంటే జడ్త అడుగుర్రి," అన్నాడు. రాజ్యం మారాలని పాటలు పాడే సంఘం పొట్టేలును సలహా అడగడమేమిటని నేను గట్టిగా కాదనాల్సింది. కాదనలేదు. విసిగిపోయి ఉన్నాను, పైగా లోపల ఒక కపటం కూడా ఉంది. చెవిలో చుక్క సంగతి నాకు తెలుసు కదా. ఎల్లేశం బీరన్న పేరుకే జడ్త ఇప్పిస్తాడు. అదే పేరు పంపేస్తాం. మనిషి లేడని పై కమిటీవాళ్లే కొట్టేస్తారు, ఊళ్లో ఎవరి మాటా పోదు అనుకున్నాను.

యోహాను నా వైపు చూసి నవ్వాడు. "మా పుస్తకంల గొర్రెపిల్ల శాన పెద్దది గని, దాన్నడిగి పటేల్‌గిరీ పంచుకోమని యాడ రాసిలేదు గుర్వయ్యన్నా," అన్నాడు. తర్వాత, "పెద్దయ్య మొఖం జూసి వొస్త. ఏదొచ్చిన ఒప్పుకుంట," అన్నాడు. కాటమయ్యా సరేనన్నాడు.

ఎల్లేశానికి చెప్పాను. చేతిలో ఉన్ని కదురు ఆగిపోయింది.

"మూడు పేర్లు పెడ్తరా? బీరన్నది గూడ?" అని అడిగాడు.

"మూడు," అన్నాను.

"పొట్టేలు యేది?"

"నీ ఇష్టం మామా."

"నీ ఇష్టం గాదు," అంది ఇంట్లోంచి సుక్కమ్మ. "బొల్లిని తోలుక రా బాపూ."

పొట్టేలును బీరప్ప గుడి ముందున్న బండ మీదికి తెచ్చినప్పుడు మిట్ట మధ్యాహ్నం. మాకెవరికీ కాళ్ల కింద నీడ లేదు. అరికాళ్లు కాలుతున్నా ఎవరూ కదల్లేదు. గాలి లేదు. వేపరెమ్మ వేసిన పసుపునీళ్ల కడవ పక్కన ఎల్లేశం నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి గొంగడి లేకుండా వచ్చాడు.

ముందు కాటమయ్య పేరు చెప్పి వీపు మీద నీళ్లు పోశాడు. చిటికెన వేలు కదల్లేదు. పొట్టేలూ కదల్లేదు. తర్వాత యోహాను పేరు. నీళ్లు కడుపు కిందికి కారి బండ మీద పడి పొగలా ఆరిపోయాయి. పొట్టేలు నిలబడే ఉంది.

"బీరన్న," అన్నాడు ఎల్లేశం మూడోసారి. వీపు మీద నీళ్లు పోశాడు, చిటికెన వేలు చెవి దాకా వంచాడు. నేను దాన్నే చూస్తున్నాను. చుక్క సరిగ్గా చెవిలోనే పడింది.

పొట్టేలు విదిలించలేదు.

మళ్లీ పోశాడు. ఈసారి చుక్క కాదు, ధారే చెవిలోకి పోయింది. చెవిలో నీళ్లు నిండి అంచు మీదుగా కారుతున్నాయి. ఈగ వాలితేనే తల ఆడించే జంతువు చెక్కిన రాయిలా నిలబడిపోయింది. దాని కళ్లు గుట్ట కింది చెల్క వైపే ఉన్నాయి. అప్పటిదాకా ఏడుస్తున్న సుక్కమ్మ కొడుకు కూడా ఎందుకో ఏడుపు ఆపాడు. ఎల్లేశం కడవను రెండు చేతులా ఎత్తి మొత్తం కుమ్మరించాడు. ఖాళీ కడవ బండ మీద పడి పగిలింది. అప్పుడు చూశాను. ఆయన తల నుంచి పాదం దాకా వణుకుతున్నాడు. జడ్త పొట్టేలుకు రాలేదు, ఎల్లేశానికి వచ్చింది.

"సచ్చినోని పేర…" అని వెనకనుంచి ఎవరో మొదలుపెట్టారు. ఇంకెవరో వాళ్ల నోరు మూశారు.

సుక్కమ్మ ముందుకొచ్చింది. పిల్లవాణ్ణి చంకలో సర్దుకుని పొట్టేలు గడ్డం పట్టుకుంది. నీళ్లు పోయలేదు, మొక్కు చెప్పలేదు. పక్కింటివాళ్లను అడిగినట్టు మెల్లగా అడిగింది.

"బొల్లీ, మీ అయ్య లేడా?"

పొట్టేలు తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. అలాంటి జడ్త నేను చూడలేదు. ఉన్నిలో పట్టి ఉన్న నీళ్లన్నీ లేచి మా అందరి మొహాల మీద పడ్డాయి. ఆ ఎండలో అవి అంత చల్లగా ఎలా ఉన్నాయో ఇప్పటికీ చెప్పలేను.

సుక్కమ్మ మొహం తుడుచుకోలేదు. పొట్టేలును వదిలి తండ్రి వైపు తిరిగింది.

"నడిమి జాగలనేనా బాపూ?"

ఎల్లేశం కూలబడ్డాడు. మూడో రోజే దొరికాడట బీరన్న. బొల్లి మందను వదిలి గుట్ట వెనక వాగులోకి పోతే దాని వెంట పోయి చూశాడట. తల వెనక దెబ్బ. కొట్టిందెవరో చూసినవాళ్లు లేరు. మేం అనుమానించినవాళ్ల పేర్లు బయటికి చెప్పే రోజులు కావవి. ఎల్లేశం ఒక్కడే ఆ మనిషిని భుజాన వేసుకొచ్చి చెల్కలో తన గొంగడి చుట్టి పూడ్చాడు. తవ్విన మన్ను ఎవరి కంటా పడకూడదని ఆ సాయంత్రమే మీద మంద పెట్టాడు. అప్పటి నుంచి అక్కణ్ణుంచి కదపలేదు.

"రెండు పానాలు పోగొట్టుకున్న బిడ్డవు," అన్నాడు. "జెప్తే మూడోది గూడ పోతదని భయమాయె. పురుడు గానీ అన్న. అయినంక పాలెండిపోతయేమో, ఇంకో నెల ఆగుదమన్న. గట్లనే దినాలు పోయినయ్ బిడ్డా. నోరు రాలే. ఇయ్యాల గీ పొట్టేలుతోటన్న అబద్ధం ఆడిపిద్దమనుకున్న. మందికోసం ముప్పై ఏండ్లు ఆడింది. నాకోసం ఒక్కపారి ఆడలే."

"నాకెరుకనే," అంది సుక్కమ్మ. "నీకు సద్ది తెచ్చేది నేనే గద. ఆ జాగ దినాం జూస్తున్న. నువ్వు జెప్పేదాక అడగొద్దనుకున్న. నువ్వు యాడ ఆగమైతవో అని."

ఒకరినొకరు కాపాడుకోవడానికి ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఒకే కంచం ముందు కూర్చుని అబద్ధం తిన్నారు ఇద్దరూ. నాకు ఏడుపు ఆగలేదు. నేనే కాదు, అక్కడ చొక్కాలు పట్టుకున్నవాళ్లంతా ఏడ్చారు.

ఎల్లేశం మొలలోంచి ఒక మడత తీసి నా చేతిలో పెట్టాడు. గోధుమరంగు మరకలు ఎండి అట్టకట్టిన కాగితం. విప్పితే నా దస్తూరీయే. 'మా ఊరి తరఫున కురుమ బీరన్న పేరు అందరి సమ్మతితో ఖాయం చేసినాము.' తన పేరు ఉన్న కాగితం తానే మోసుకుపోతూ చనిపోయాడు బీరన్న. ఆ పేరు చేరవలసిన చోటికి ఎన్నడూ చేరలేదు. దాని కోసమే మేము నా గుడిసెలో కొట్టుకున్నాం.

ఆ సాయంత్రం కాటమయ్య, "యోహాను పేరు రాయి," అన్నాడు. యోహాను, "కాదు, కాటమయ్యది," అన్నాడు. అప్పుడూ తెగలేదు. ఎవరి పేరూ రాయలేదు. పది రోజులకు నకిరేకల్ నుంచి మూడో కబురొచ్చింది. సంఘం ఈ ఎన్నికల్లో నిలబడదట, పేర్లు పంపొద్దట. నేను ఆ కబురు చదివి చాలాసేపు పిచ్చివాడిలా నవ్వాను. తర్వాత ఏడాదికి రజాకార్లు వచ్చారు, మా తగాదాలు వాటంతట అవే చిన్నవైపోయాయి. ఎల్లేశం ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు. ఎవరి పొట్టేలుకూ మళ్లీ నీళ్లు పోయలేదు.

కానీ నేను చెప్పాల్సింది జడ్త రోజు మర్నాటి పొద్దు సంగతి. తెల్లారగట్ల నలుగురం కలిసి చెల్క దగ్గరికి పోయాం. సమాధికి నాలుగు రాళ్లు పేర్చి, చేయాల్సిన కర్మ చేయాలని. సుక్కమ్మ బోసిచేతులతో, కొడుకును ఎత్తుకుని ముందు నడిచింది. మంద కనిపించగానే ఆగిపోయింది. మేమూ ఆగాం.

ఖాళీ జాగా లేదు. గొర్రెలు నడుమంతా నిండిపోయి, ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని నిద్రపోతున్నాయి. సరిగ్గా మధ్యలో బొల్లి కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. ఎల్లేశం వాటిని లేపడానికి కర్ర ఎత్తాడు.

సుక్కమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బాపూ," అంది. "ఇన్ని దినాలు ఒక్కడే పండిండు. సలి వెట్టి ఉంటది."